బడి అసైన్‌మెంట్లలో మీకు నిజంగా ఒంటబట్టింది ఏది?

పాతరికార్డు | రాత్రి 9:12

వచ్చే నెల కాలేజీలో చేరాలి. గది ఖాళీ చేద్దామని ఆరో తరగతి నుంచి దాచిన నోట్సులు, రికార్డులు, చార్టులు అన్నీ నేలమీద పోశాను. రెండు గుట్టలు పెడదామనుకున్నా: దాచేవి, పారేసేవి. మంచి మార్కులు వచ్చినవన్నీ మొదటి గుట్టలోకి వెళ్ళాలి కదా. తీరా తిరగేస్తే వాటిలో ఏముందో నాకే గుర్తు లేదు. నీటి చక్రం మీద చార్టు ఒకటి దొరికింది, ఇరవైకి ఇరవై. రంగులు బ్రహ్మాండంగా ఉన్నాయి. మేఘం ఎలా ఏర్పడుతుందో ఇప్పుడు ఎవరైనా అడిగితే మాత్రం రెండు వాక్యాలు దాటి చెప్పలేను. (పైన ఉన్న పెద్ద అక్షరాలకి నీడలు దిద్దడానికి రెండు గంటలు పట్టింది. అది బాగా గుర్తుంది.)

మార్కే వేయని పేజీ ఒకటి మాత్రం అక్షరం అక్షరం గుర్తుంది. పదకొండో తరగతి ఫిజిక్స్ రికార్డు, లఘులోలకం ప్రయోగం.

చేయాల్సింది అందరికీ తెలిసిందే. దారానికి గుండు కట్టి ఊపాలి. 20 డోలనాలకి (ఒక డోలనం అంటే అటు వెళ్ళి తిరిగి మొదటి చోటికి రావడం) ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచ్‌తో కొలిచి 20తో భాగిస్తే ఆవర్తన కాలం. ఆ కాలాన్ని, దారం పొడవుని సూత్రంలో వేస్తే గురుత్వ త్వరణం, అంటే 'జీ' విలువ వస్తుంది. 9.8 దగ్గర రావాలి.

నాకు 10.86 వచ్చింది. పొడవు 100 సెంటీమీటర్లు పెట్టినా, 80 పెట్టినా, 60 పెట్టినా అటూ ఇటూగా అదే. పక్క టేబుల్ వాళ్ళకి 9.7, 9.9 వస్తున్నాయి. నాకు చెమటలు. ఎవరినీ అడగలేదు, నామోషీ. ఇంటికెళ్ళి వెనక నుంచి లెక్క కట్టాను. జీ 9.80 అయితే 100 సెం.మీ.కి 20 డోలనాలు 40.1 సెకన్లలో అవ్వాలి, 80కి 35.9, 60కి 31.1. అవే రీడింగులుగా ఎక్కించేశాను. మూడుసార్లు కొలిచినట్టు మూడు గళ్ళలోనూ ఒకటే అంకె.

రెండ్రోజుల తర్వాత మేడమ్ రికార్డు తిరిగి ఇచ్చారు. మార్కు లేదు. గళ్ళ పక్కన పెన్సిల్‌తో ఒక్క ప్రశ్న ఉంది: "వాచ్ నొక్కింది మనిషేనా?"

లంచ్ టైములో ల్యాబ్‌కి రమ్మన్నారు. తిట్టలేదు. "మళ్ళీ చెయ్యి, నేను చూస్తా" అన్నారంతే. గుండు వదిలాను, వాచ్ నొక్కాను, లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నేను మూడో అంకెకి వచ్చేసరికే ఆవిడ నవ్వేశారు. తప్పు దొరికిపోయింది.

అదేంటో కాసేపు ఆగి చెప్తా, ఫిజిక్స్ వాళ్ళు ఊహించండి. మీకూ ఇలా గుర్తుండిపోయిన అసైన్‌మెంట్ ఉంటే రాయండి. "క్రమశిక్షణ నేర్చుకున్నాను, సమయపాలన అలవడింది" మాత్రం వద్దు. అవి నేనూ వ్యాసాల్లో బోలెడు రాశాను.

ఆఖరిబెంచీ | రాత్రి 9:31

నాకు ఒంటబట్టింది రెండు పెన్నులకి రబ్బరు బ్యాండు చుట్టి ఒకేసారి రెండు లైన్లు రాయడం. ఇంపోజిషన్ల దయ. మొదట్లో లైన్ల మధ్య దూరం కుదరదు, పై పెన్ను కాస్త వెనక్కి కట్టాలి. తర్వాత ఇంకో సంగతి కనిపెట్టాను. ఒక జవాబుని పదిసార్లు రాయమంటే వాక్యాలుగా రాయకూడదు, నిలువుగా మాటలు మాటలుగా దింపాలి. పేజీ పొడుగునా మొదటి మాట పదిసార్లు, పక్కనే రెండో మాట పదిసార్లు. చాలా వేగం. ఆ జవాబు దేని గురించో ఈ రోజుకీ తెలీదు.

ఇది వెటకారం కాదండీ, నిజంగానే అడుగుతున్నా. ఆ పని ఇచ్చినవాళ్ళు నాకేం వస్తుందనుకున్నారు?

నిద్రచాలదు | రాత్రి 9:40

లోలకం సంగతి నేను చెప్పనా. దారం పొడవు ముడి దాకానే కొలిచి ఉంటావు. గుండు మధ్య వరకు కొలవాలి, ఆ వ్యాసార్ధం కలపకపోతే లెక్క తప్పుతుంది. నేనూ అదే చేశా. లేదంటే గుండుని మరీ పక్కకి లాగి వదిలి ఉంటావు.

లెక్కలమేడమ్ | రాత్రి 10:05

నిద్రచాలదు గారూ, రెండూ మంచి ఊహలే గానీ రెండూ ఎదురువైపుకి పోతాయి. సూత్రంలో పొడవు పైన ఉంటుంది, కాలం వర్గం కింద ఉంటుంది. పొడవు తక్కువ వేస్తే జీ తగ్గుతుంది. ఎక్కువ కోణంలో ఊపితే ఒక్కో ఊపుకీ కాలం కొంచెం పెరుగుతుంది, 30 డిగ్రీలకి దాదాపు 1.7 శాతం, అప్పుడూ జీ తగ్గాల్సిందే. ఈ పిల్లకో పిల్లాడికో వచ్చింది ఎక్కువ. అదీ అన్ని పొడవులకీ ఒకే మోతాదులో. అంటే చెయ్యి వణికి వచ్చిన తప్పు కాదు, ప్రతిసారీ ఒకే రకంగా చేస్తున్న పని ఏదో ఉంది. నాకు అర్థమైంది, చెప్పను.

వాళ్ళ మేడమ్‌కి ఎలా దొరికిందో చెప్తాను. మనిషి కంటితో చూసి వేలితో నొక్కడానికి సుమారు 0.2 సెకను పడుతుంది, అది ఒకసారి ముందు, ఒకసారి వెనక అవుతుంది. అసలు 20 డోలనాలు లెక్కపెట్టమనేదే అందుకు. మీటరు దారంతో ఒక్క ఊపునే కొలిస్తే రెండు సెకన్లలో 0.2 తేడా అంటే పదిశాతం, జీ 8 నుంచి 12 దాకా ఎక్కడైనా తేలొచ్చు. 20 ఊపులకి అదే 0.2 తేడా 40 సెకన్లలో పంచుకుంటుంది, జీలో మహా అయితే 0.1 మారుతుంది. కానీ మారుతుంది! మూడు గళ్ళలో 40.1, 40.1, 40.1 ఉంటే 22 ఏళ్ళుగా దిద్దుతున్న కంటికి వెంటనే గుచ్చుకుంటుంది. నిజం రీడింగులు కొంచెం చిందరవందరగా ఉంటాయి నాన్నా.

ఆఖరిబెంచీ గారి ప్రశ్న నాకే తగిలింది. దానికి నిదానంగా రాస్తాను.

ఆఖరిబెంచీ | రాత్రి 10:09

ఫ్యాను వేసి ఉంటుంది ల్యాబ్‌లో. కేసు క్లోజ్.

పాతరికార్డు | రాత్రి 10:34

ఫ్యాను కాదు అన్నా 😄

గుండు వదిలి వాచ్ నొక్కగానే నేను "ఒకటి" అనేవాడిని. తిరిగి అదే చోటికి వచ్చినప్పుడు "రెండు". అలా "ఇరవై" అనేసరికి నిజంగా జరిగినవి 19 డోలనాలే. 19కి పట్టిన కాలాన్ని 20తో భాగిస్తున్నాను. కాలం తగ్గింది, దాని వర్గం కింద ఉంది కాబట్టి జీ పెరిగింది. 20ని 19తో భాగించి వర్గం చేస్తే 1.108. దాన్ని 9.8తో గుణించి చూడండి, 10.86 దగ్గరకి వస్తుంది. దారం పొడవుతో సంబంధమే లేదు, అందుకే ఎన్నిసార్లు మార్చినా అదే.

వదిలినప్పుడు "సున్నా" అనాలి. అంతే తేడా!

మేడమ్ చెప్పిన ఇంకో మాట నన్ను ఎక్కువ కుదిపింది. "నీకు 10.86 వచ్చిందని రాసి ఉంటే నేను పేజీ చూసే చెప్పేదాన్ని. అన్ని పొడవులకీ ఒకే తేడా ఉంది కాబట్టి లెక్కపెట్టడంలోనే ఏదో ఉందని ఆ అంకెలే చెప్తాయి. నువ్వు వాటిని చెరిపేసి నా దగ్గరికి తెచ్చావు" అన్నారు. అంటే నా తప్పుడు రీడింగుల్లోనే జవాబు ఉంది. వాటిని పారేసి, ఏ సంగతీ చెప్పని అంకెలు తెచ్చి అందంగా గళ్ళు గీసి పెట్టాను.

ఆ తర్వాత ఒకటి చదివాను. ఎలక్ట్రాన్ ఆవేశాన్ని మిల్లికాన్ అనే శాస్త్రవేత్త నూనె బిందువులతో కొలిచాడు కదా, 1913లో ఆయన ఇచ్చిన విలువ 1.592. ఇప్పటి విలువ 1.602 (రెండిటికీ పక్కన పది టు ది పవర్ మైనస్ 19 ఉంటుంది). గాలి స్నిగ్ధతకి (కదిలే బిందువుని గాలి ఎంత అడ్డుకుంటుందో చెప్పే గుణం) ఆయన వాడిన అంకె కొంచెం తప్పు. విచిత్రం ఏంటంటే తర్వాత కొలిచినవాళ్ళు ఒక్కసారిగా సరైన విలువకి రాలేదు, కొంచెం కొంచెంగా పాకుతూ వచ్చారు. ఆయన విలువకి మరీ దూరంగా వస్తే తప్పెక్కడుందో వెతికేవాళ్ళు, దగ్గరగా వస్తే అంతగా వెతికేవాళ్ళు కాదు. భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ 1974లో కాల్‌టెక్ పట్టభద్రులకి ఇచ్చిన ప్రసంగంలో ఈ సంగతి చెప్పాడు. అంత పెద్దవాళ్ళు కూడా పక్క టేబుల్ వైపు చూశారన్నమాట. నాకు కొంచెం ధైర్యం వచ్చింది, అలా రాకూడదేమో గానీ.

తొమ్మిదోక్లాసు_నాన్న | రాత్రి 10:52

చదువుతుంటే తల దించుకోవాల్సి వస్తోంది. మా అమ్మాయి ప్రాజెక్టులు సగం నేనే చేస్తాను. పోయిన నెల అగ్నిపర్వతం నమూనా నేను చేశా, మట్టి నేను కలిపా, రంగు నేను వేశా, సోడా పొడి, వెనిగర్ నేను పోశా. అది సోఫాలో కూర్చుని "నాన్నా, ఎర్ర రంగు ఇంకొంచెం" అంటోంది. మొదటి బహుమతి వచ్చింది. ఎవరికి వచ్చిందో మా ఇద్దరికీ తెలుసు. మీ వరుస చూస్తే ఈ వయసులో నాకు మార్కులు వేసే టీచరు దొరికినట్టుంది.

నా సమర్థన కూడా వినండి. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి "రేపే ఇవ్వాలి" అని చెప్తుంది. అప్పుడు నేర్పమంటారా, పూర్తి చేయమంటారా?

లెక్కలమేడమ్ | రాత్రి 11:20

నాన్నగారూ, పడుకోమని చెప్పండి, మర్నాడు ఖాళీ చేతులతో పంపండి. ఒక్కసారి చాలు. (మా ఇంట్లో ఆ ధైర్యం నేను చేయలేదు, అది వేరే సంగతి.)

ఇప్పుడు ఆఖరిబెంచీ గారికి. నిజం ఒప్పుకుంటాను. మేమిచ్చే హోంవర్క్‌లో కొంత భాగం పిల్లల కోసం కాదు. పని ఇచ్చామని కనబడాలి, నోట్సు నిండాలి, తల్లిదండ్రులు "ఏమీ ఇవ్వరా" అనకూడదు. హారిస్ కూపర్ అనే ఆయన, తోటి పరిశోధకులు కలిసి అమెరికాలో హోంవర్క్ మీద 1987 నుంచి 2003 దాకా వచ్చిన అధ్యయనాలు గుదిగుచ్చి 2006లో సమీక్ష రాశారు. ఏడు నుంచి పన్నెండు తరగతుల పిల్లల్లో హోంవర్క్‌కీ చదువుకీ సంబంధం బాగానే కనబడింది, చిన్న తరగతుల్లో చాలా బలహీనం. చిన్నపిల్లల చేత పదిసార్లు రాయించడానికి మా దగ్గర గట్టి కారణం లేదు. అలవాటు, అంతే.

మార్కు వేయని ఆ పేజీ సంగతి మాత్రం నాకు బాగా నచ్చింది. రూత్ బట్లర్ 1988లో చేసిన ప్రయోగం ఒకటుంది. కొందరు పిల్లలకి మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్య మాత్రమే రాశారు, కొందరికి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్ళు తర్వాతి పనిలో మెరుగయ్యారు. రెండూ ఇస్తే? రెండిటి లాభం రావాలి కదా. రాలేదు, మార్కులు మాత్రమే వచ్చినవాళ్ళలాగే ఉండిపోయారు. నాకు ఇది చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే రోజూ క్లాసులో కళ్ళారా చూసేదే. నోట్సు పంచగానే మార్కు చూస్తారు, పక్కవాడి మార్కు చూస్తారు, మూసేస్తారు. రాత్రి పదకొండింటి దాకా ఎర్ర సిరాతో నేను రాసిన నాలుగు లైన్లు అలాగే పడుంటాయి.

అది చదివాక ఒక పద్ధతి పెట్టాను. ముందు వ్యాఖ్యతో నోట్సు ఇచ్చేస్తాను, మార్కు రెండ్రోజుల తర్వాత చెప్తాను. మొదటివారం క్లాసంతా గోల. ఒకడైతే వ్యాఖ్యలో మాటలు లెక్కపెట్టి మార్కు అంచనా వేయబోయాడు.

ప్రతిలేఖరి | ఉదయం 6:48

నాది కాపీ కథ. ఎనిమిదో తరగతిలో చరిత్ర అసైన్‌మెంట్ నా స్నేహితుడి నోట్సులోంచి దించాను. వాడిది ఇంకో అమ్మాయి దగ్గర దించింది. సార్ మా ముగ్గురినీ నిలబెట్టి ఎవరు ఎవరి దగ్గర దించారో వరుసగా చెప్పేశారు. ఎవరూ నోరు విప్పలేదు, మేమేమో మంత్రం వేశారనుకున్నాం.

చాలా ఏళ్ళ తర్వాత పాత రాతప్రతులు పరిష్కరించే పనిలో చేరాక ఆ మంత్రం అర్థమైంది. ఒకే గ్రంథానికి పది ప్రతులు దొరికితే ఏది దేన్ని చూసి రాసిందో తేల్చాలి. రెండు ప్రతుల్లో ఒప్పులు కలిస్తే దానివల్ల ఏమీ తెలియదు, ఒప్పు ఎవరైనా రాస్తారు. తప్పులు కలవాలి. ఒకే చోట ఒకే లైను ఎగిరిపోతే రెండూ బంధువులే. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీ పండితుడు కార్ల్ లాఖ్‌మన్ పేరుతో స్థిరపడిన పద్ధతి ఇది. మా సార్ ఆ పేరు విని ఉంటారని అనుకోను. ఆ అమ్మాయి ఒక సంవత్సరం తప్పు రాసింది. మా వాడు ఆ తప్పుతోపాటు ఒక లైను వదిలేశాడు. నేను తప్పు, వదిలేసిన లైను రెండూ దించి, నా సొంతంగా ఒక అక్షరదోషం కలిపాను. వంశవృక్షం గీసి ఇచ్చినట్టే!

ఇప్పుడు నా జీతమంతా ఎనిమిదో తరగతిలో దొరికిపోయిన ఆ పద్ధతి మీదే నడుస్తోంది. ఆ రోజు నిలబెట్టినందుకు మాత్రం ఇంకా కోపమే.

నిద్రచాలదు | ఉదయం 8:15

ప్రతిలేఖరి గారి పోస్టు రెండుసార్లు చదివాను. ఇక నాది. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నా, పేరు చూస్తే నా జబ్బేంటో తెలుస్తుంది. నేను అసైన్‌మెంట్ చివరి రాత్రి మొదలుపెట్టేది బద్ధకం వల్ల అని అందరూ అంటారు, నేనూ అదే నమ్మాను. ఒక సెమిస్టర్ ఊరికే రాసి పెట్టుకున్నాను: ప్రతి పనికీ ముందు నా అంచనా, తర్వాత నిజంగా పట్టిన టైము. మూడు గంటలనుకున్న రిపోర్టుకి ఏడు. గంటలో అయిపోతుందనుకున్న గ్రాఫులకి నాలుగు, అందులో గంటన్నర ప్రింటరుతో కుస్తీ. ఒక్కసారి కూడా అంచనా కన్నా తక్కువ పట్టలేదు. మొదలుపెట్టేది ఆలస్యంగానే, ఒప్పుకుంటా. కానీ నా లెక్క ప్రకారం అది ఆలస్యం కాదు! లెక్కే తప్పు.

దీనికి పేరు కూడా ఉంది, ప్లానింగ్ ఫాలసీ. కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో పెట్టారు. 1994లో ముగ్గురు పరిశోధకులు థీసిస్ రాస్తున్న విద్యార్థులని ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 33.9 రోజులన్నారు. పట్టింది 55.5. దీనికన్నా నన్ను పట్టేసింది ఇంకోటి. "అన్నీ ఎదురు తిరిగితే ఎన్నాళ్ళు?" అని కూడా అడిగారు. దానికి వాళ్ళు చెప్పింది 48.6. అంటే ఊహించుకున్న ఘోరం కన్నా నిజమే ఘోరం. ఇప్పుడు నేను చేసేది ఒకటే, అంచనా వేసి రెండుతో గుణిస్తా. అయినా నిద్ర చాలట్లేదు, ఎందుకంటే ఆ రెట్టింపు టైము ఉంది కదా అని ఇంకో పని ఒప్పుకుంటా.

గ్రూప్ ప్రాజెక్టు గురించి కూడా చెప్పాలి. ఐదుగురం. స్లైడ్లు నేనే, రిపోర్టు నేనే, బైండింగ్ నేనే. మిగతా నలుగురి మీద నెలరోజులు మండిపడ్డాను. ఎవడో గుంపులో మనిషి పని తగ్గుతుందని చెప్తే దాన్ని కూడా పట్టుకుని తిరిగాను. రింగెల్మాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించిన ప్రయోగం అది, 1913లో అచ్చయింది, ఎనిమిది మంది కలిసి లాగితే విడివిడిగా లాగే బలాల మొత్తంలో దాదాపు సగమే వచ్చింది. "చూశారా, సైన్సు!" అని గ్రూపులో మెసేజ్ పెట్టాను. దానికి ఒకమ్మాయి నెమ్మదిగా జవాబిచ్చింది: "నేను రెండో రోజే రాసి పంపిన మూడు పేజీలు నువ్వు తెరిచావా?"

తెరవలేదు. బాగుండదని ముందే అనుకుని నేనే మళ్ళీ రాసుకున్నా. తర్వాత తెలిసిందేంటంటే ఆ తాడు ప్రయోగంలో నష్టమంతా బద్ధకం వల్లే కాదట, అందరూ ఒకే క్షణంలో ఒకే వైపు లాగకపోవడం వల్ల కూడా పోతుందట. మా తాడుకి ఆ రెండో రోగం నేనే. ఆ మూడు పేజీలు నా వాటికన్నా బాగున్నాయి, ఇది ఆ అమ్మాయికి ఇప్పటిదాకా చెప్పలేదు.

ఆఖరిబెంచీ | ఉదయం 8:22

చెప్పేయండి సార్. మేమంతా సాక్షులం.

నిజానికి మీ గ్రూపులో మిగతా నలుగురిలో ఒకణ్ణి నేనే అనిపిస్తోంది. ఎప్పుడూ "నీకు రాదులే, పక్కకి జరుగు" అంటే జరిగేవాణ్ణి. హాయిగానే ఉండేది. తర్వాత ఉద్యోగంలో ఒకరోజు జరగడానికి పక్క లేదు.

రెక్కలపుస్తకం | ఉదయం 11:03

నేను పదో తరగతి. అందరూ పెద్దవాళ్ళు రాస్తున్నారు, నేను అడగొచ్చా? మీ కాలంలో కాపీ అంటే స్నేహితుడి నోట్సు. 2022 నవంబరు ఆఖర్లో చాట్‌జీపీటీ వచ్చింది, ఇప్పుడు మా క్లాసులో అందరూ దాన్నే అడుగుతారు. నేను ఈ సంవత్సరం మూడు వ్యాసాలు అలాగే ఇచ్చాను. దొరకలేదు. మార్కులు కూడా నేను సొంతంగా రాసినప్పటికన్నా ఎక్కువ. తప్పని తెలుసు, టెన్షన్ కూడా ఉంటుంది. కానీ సొంతంగా రాసి తక్కువ తెచ్చుకుంటే ఇంట్లో తిట్లు, అది రాస్తే మెచ్చుకోలు. మీరైతే ఏం చేసేవాళ్ళు? నిజం చెప్పండి, నీతులు వద్దు.

పాతరికార్డు | మధ్యాహ్నం 12:40

నిజం చెప్తా. నేనూ వాడాను. పన్నెండో తరగతిలో పర్యావరణం ప్రాజెక్టు మొత్తం అదే. ఆ ఫైలు ఇప్పుడు నా ముందే ఉంది. నిన్న తిరగేశా. ఎవరో తెలియని మనిషి ఉత్తరం నా ఇంటికి వచ్చినట్టుంది. ఒక్క వాక్యం కూడా నేను ఫలానా రోజు ఇలా అనుకుని రాశాను అనిపించలేదు.

దొరకడం దొరక్కపోవడం అటుంచు. నా 40.1లు చూశావు కదా, అవి కూడా సరైన అంకెలే. ఎక్కడా తప్పు లేదు. నేను "ఒకటి" నుంచి మొదలుపెడుతున్నానన్న సంగతి ఆ గళ్ళలోంచి ఎవరూ కనిపెట్టలేరు. నువ్విచ్చిన మూడు వ్యాసాల్లో నీకు ఏది రాదో మీ టీచరుకి కనబడే చోటు ఉందా? నాకు తెలిసి లేదు. నీతి కాదు ఇది. నేనైతే ఆ పెన్సిల్ ప్రశ్న రాని రికార్డుతో పరీక్ష ల్యాబ్‌కి వెళ్ళి ఉంటే మళ్ళీ 10.86తో బయటికి వచ్చేవాణ్ణి.

ప్రతిలేఖరి | మధ్యాహ్నం 1:15

ఒక చిన్న మాట కలుపుతాను. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో చేసిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు, కొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్ళే గెలిచారు, 81 శాతం, 75 శాతం. వారం తర్వాత తారుమారైంది. చదివినవాళ్ళకి 42 శాతం మిగిలింది, రాసినవాళ్ళకి 56. చాట్‌బాట్ రాసిన వ్యాసం చదువుకుంటే "నాకు తెలిసిపోయింది" అనిపిస్తుంది చూడు, అది ఆ ఐదు నిమిషాల తెలివి.

రెక్కలపుస్తకం | మధ్యాహ్నం 1:31

అర్థమైంది. కానీ అన్నా, నీకు పెన్సిల్‌తో ప్రశ్న రాసే మేడమ్ దొరికారు. నేను 10.86 అని రాసి ఇస్తే మా దగ్గర ఎర్ర అడ్డగీత, సగం మార్కు. వంద మందిలో ఎంతమంది టీచర్లు రమ్మని పిలిచి మళ్ళీ చేయించి చూస్తారు?

లెక్కలమేడమ్ | సాయంత్రం 4:50

రెక్కలపుస్తకం, నువ్వన్నది నిజం. జవాబుకి మార్కు వేస్తే పిల్లలు జవాబే తెస్తారు, ఎక్కడినుంచైనా సరే. ఆ దారి వాళ్ళకి మేమే చూపించాం. నేనూ మొదటి పదేళ్ళు అడ్డగీతలే గీశాను. అరవై నోట్సులు ముందుంటే ప్రశ్న రాయడం కన్నా గీత గీయడం తేలిక.

ఇప్పుడు లెక్క తప్పినా దారి రాస్తే మార్కు ఇస్తున్నాను. ఇంట్లో రాసిన వ్యాసం మీద క్లాసులో రెండు నిమిషాలు మాట్లాడిస్తున్నాను. అందరినీ మాట్లాడించే టైము లేదు, వారానికి నలుగురు. అది చాలదని నాకూ తెలుసు. మీ టీచర్ని ఒకసారి అడిగి చూడు, "మేడమ్, నాకు ఇది ఇలా వచ్చింది, ఎక్కడ తప్పిందో తెలియట్లేదు" అని కింద రాసి ఇవ్వు. ఆ లైను చూశాక గీత గీయడం కష్టం. గీసినా గీస్తారు, హామీ ఇవ్వలేను.

తొమ్మిదోక్లాసు_నాన్న | రాత్రి 8:37

ఈ రోజు మా ఇంట్లో జరిగింది చెప్పాలి. ఇక్కడి కథ అమ్మాయికి చదివి వినిపించాను. "మనమూ చేద్దాం" అంది. గుండు లేదు, దారానికి తాళంచెవి కట్టాం. పొడవు 50 సెం.మీ. నేను చేతులు కట్టుకుని కూర్చున్నా, ఒట్టు. వదలగానే "సున్నా" అంది. 20 ఊపులకి 28.9 సెకన్లు.

లెక్క అదే చేసింది. 9.45 వచ్చింది. ముఖం మాడిపోయింది. నేను వెంటనే "9.8 అని రాసేయ్" అనబోయి నాలుక కరుచుకున్నా. మేడమ్, ఎక్కడ తప్పు?

నిద్రచాలదు | రాత్రి 8:41

50 ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు?

తొమ్మిదోక్లాసు_నాన్న | రాత్రి 8:43

మేకు నుంచి ముడి దాకా.

నిద్రచాలదు | రాత్రి 8:44

వచ్చిందండీ నా రోజు!! నిన్న నేను చెప్పిన తప్పు ఇదే. తాళంచెవి ముడికింద ఎంత వేలాడుతోంది?

తొమ్మిదోక్లాసు_నాన్న | రాత్రి 8:52

4 సెం.మీ. దాని బరువు సుమారు మధ్యలో ఉందనుకుని 2 కలిపి, 52 వేసి మళ్ళీ చేసింది. 9.83.

గంతులేస్తోంది. నోట్సులో పైన రాసిన 9.45ని రబ్బరుతో చెరపబోతే ఆగమన్నాను, మేడమ్‌ని అడుగుదాం అని. ఉంచమంటారా?

లెక్కలమేడమ్ | రాత్రి 8:55

ఉంచమనండి. పక్కన "ముడి దాకా కొలిచాను" అని చిన్నగా రాయమనండి.

తొమ్మిదోక్లాసు_నాన్న | రాత్రి 9:04

రాసింది. ఇప్పుడు దారం 80 పెట్టమంటోంది. రేపు స్కూలుంది, ఎవరూ వినట్లేదు.